కాజీపేట రైల్వే చరిత్ర రాయాలనుకునేవాళ్లకు

"కాజీపేటను రైల్వే కట్టింది" అని మొదలుపెట్టకండి. అది సగమే నిజం. ఊరూ దర్గా రైలుకన్నా పాతవి. రైల్వే కట్టింది జంక్షన్‌ను, షెడ్లను, క్వార్టర్లను. నిజాం రైల్వే లైను బెజవాడ చేరింది 1889లో. బల్లార్షా లైను పూర్తయి, కాజీపేట మద్రాసు-ఢిల్లీ దారిలో పడింది 1929లో. నడుమ నలభై ఏళ్లున్నాయి. ఏ కట్టడం ఏ దశదో ముందు తేల్చుకోండి.

కాగితాలు వెతికేటప్పుడు కంపెనీ పేరు మారుతుంటుంది. 1930కి ముందు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, ఆ తర్వాత నిజాం స్టేట్ రైల్వే, 1951 నుంచి సెంట్రల్ రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వే. ఒక్క పేరుతోనే వెతికితే సగం ఫైళ్లు దొరకవు.

భూమి సంగతికి ఊరి నక్షా, సేత్వార్ (మొదటి సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్లవారీ భూమి రికార్డు) పక్కపక్కన పెట్టి, ఏ సర్వే నంబరు రైల్వే కిందికి పోయిందో గుర్తు పెట్టండి. నిజాం కాలపు కాగితాల్లో సాలు ఫసలీలో, అంటే అప్పటి సర్కారు రెవెన్యూ క్యాలెండరులో ఉంటుంది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే ఆజూర్, దై, బహ్మన్ నెలలైతే 590, మిగతా నెలలైతే 591 కలపాలి. లెక్క సరిచూసుకోవడానికి: ఆబాన్ 1357 అంటే 1948 సెప్టెంబరు, పోలీసు యాక్షన్ నెల. బహ్మన్ చివర్లో జనవరి మొదటి రోజులు పడతాయి, అక్కడ ఒక ఏడాది తప్పే వీలుంది. నెల రాయకపోతే రెండు ఇంగ్లీషు సంవత్సరాలూ రాసుకోండి.

కాలనీల్లో కంచె గుంజలుగా పాతిన పాత రైలు పట్టాముక్కలు కనిపిస్తే వదలకండి. బ్రష్షుతో తుప్పు దులిపి, నిలువు భాగం మీద సుద్దముక్క అడ్డంగా రుద్దితే ఉబ్బెత్తు అక్షరాలు తేలతాయి: తయారీదారు, సంవత్సరం, ఒక్కోసారి గజానికి ఎన్ని పౌన్లో ఆ బరువూ. అది పట్టా తయారైన ఏడాది, అక్కడ పాతిన ఏడాది కాదు. వేరే లైనులో ఇరవై ఏళ్లు అరిగి వచ్చిందైనా కావచ్చు. నడిచే లైను మీదికి మాత్రం పోకండి, కేసవుతుంది.

రిటైరైన పెద్దమనుషుల్ని "ఏ సంవత్సరం చేరిన్రు?" అంటే అంచనాగా చెప్తారు. "చేరినప్పుడు బొగ్గింజనా, డీజిలా?" అని అడగండి, తర్వాత పెన్షన్ కాగితంలోని తేదీతో పోల్చండి.