డేటాబేస్‌లో ఉన్న రూట్ టేబుల్‌లోకి ఎందుకు రాదు? ఓఎస్‌పీఎఫ్ ఏరియాల మధ్య బయటి రూట్లు: సమస్య - పరిష్కారం

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీళ్ళు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి విడిపోతాయి. మా ఆక్వా మేతల సంస్థ నెట్‌వర్క్‌నీ అలాగే ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) ఏరియాలుగా విడదీశాం. రాజమండ్రి ఏరియా 0, అంటే మిగతా ఏరియాలన్నీ కలిసే వెన్నెముక. కాకినాడ వైపు ఏరియా 1, కోనసీమ ఏరియా 2, భీమవరం వైపు ఏరియా 3. కోనసీమ ఏబీఆర్ (ఏరియాల సరిహద్దులో ఉండే రౌటర్) రావులపాలెంలో ఉంది, పశ్చిమ డెల్టాది తణుకులో. రాజోలు రౌటర్‌కి ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ లింకు వస్తుంది. ప్లాంట్ వాళ్ళు ఓఎస్‌పీఎఫ్ వాడరు కాబట్టి 172.20.40.0/24 ని రాజోలులో స్టాటిక్‌గా, అంటే చేత్తో రాసి, ఓఎస్‌పీఎఫ్‌లోకి రీడిస్ట్రిబ్యూట్ చేస్తున్నాం. అంటే రాజోలు మా ఏఎస్‌బీఆర్, బయటి రూట్లను లోపలికి తెచ్చే రౌటర్. కోనసీమ ఎన్‌ఎస్‌ఎస్‌ఏ, అంటే వేరే ఏరియాల నుంచి బయటి రూట్లను రానివ్వకపోయినా, తనలోని ఏఎస్‌బీఆర్ తెచ్చినవాటిని మోసే ఏరియా.

లక్షణం

అమలాపురం నుంచి ప్లాంట్‌కి పింగ్ వెళ్తోంది. భీమవరం నుంచి వెళ్ళడం లేదు. నైబర్లన్నీ ఫుల్‌లోనే ఉన్నాయి, అంటే పక్క రౌటర్లతో సంబంధం సరిగానే ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది రూటింగ్ టేబుల్ చూసి, రూట్ లేదని తేల్చుకుని, నేరుగా ఏఎస్‌బీఆర్ మీద పడతారు. ముందు భీమవరంలోనే 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్ ఎక్స్‌టర్నల్ 172.20.40.0' కొట్టండి. ఎల్‌ఎస్‌ఏ (రౌటర్లు పంచుకునే రూట్ సమాచారపు ముక్క) ఉందా లేదా అన్నదాన్ని బట్టి వెతకాల్సిన చోటే మారిపోతుంది.

ఎల్‌ఎస్‌ఏ లేకపోతే

అమలాపురానికి కూడా రూట్ అందకపోతే తప్పు రాజోలులోనే ఉంటుంది. పాత సిస్కో ఐఓఎస్‌లో రీడిస్ట్రిబ్యూట్ లైన్ చివర 'సబ్‌నెట్స్' అన్న మాట మర్చిపోతే, 172.20 క్లాస్ బీ కాబట్టి దాని /24 ముక్క బయటికే రాదు.

అమలాపురంలో టైప్ 7 (ఎన్‌ఎస్‌ఎస్‌ఏ లోపల తిరిగే బయటి రూట్ ఎల్‌ఎస్‌ఏ) ఉండి, భీమవరంలో టైప్ 5 (మామూలు ఏరియాల్లో తిరిగే బయటి రూట్ ఎల్‌ఎస్‌ఏ) లేకపోతే రావులపాలెం చూడండి. టైప్ 7 తన ఏరియా దాటదు. ఏబీఆర్ దాన్ని టైప్ 5గా మార్చి ఏరియా 0లోకి వదలాలి. ఒకే ఎన్‌ఎస్‌ఎస్‌ఏకి రెండు ఏబీఆర్‌లు ఉంటే మామూలుగా ఎక్కువ రౌటర్ ఐడీ ఉన్నదే ఈ పని చేస్తుంది, రెండోది చేయదు. అది చూసి కంగారు పడొద్దు.

భీమవరం వైపే స్టబ్ అయితే టైప్ 5 అసలు లోపలికి రాదు. తణుకు ఇచ్చే డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియనప్పుడు వాడేది) మీదే పని నడుస్తుంది. అయితే స్టబ్‌ని ఎన్‌ఎస్‌ఎస్‌ఏగా మార్చినప్పుడు జాగ్రత్త. సిస్కోలో మామూలు ఎన్‌ఎస్‌ఎస్‌ఏకి ఏబీఆర్ తనంతట తాను డిఫాల్ట్ ఇవ్వదు. 'డిఫాల్ట్ ఇన్ఫర్మేషన్ ఒరిజినేట్' మనమే రాయాలి.

ఎల్‌ఎస్‌ఏ ఉంది, రూట్ లేదు

అసలు తలనొప్పి ఇక్కడే. టైప్ 5ని పెళ్ళి శుభలేఖ అనుకోండి. స్టబ్, ఎన్‌ఎస్‌ఎస్‌ఏ కాని అన్ని ఏరియాల్లోనూ అదే కాగితం తిరుగుతుంది, పిలిచినవాళ్ళ పేరు, అంటే దాన్ని పుట్టించిన రౌటర్ పేరు, మారదు. పిలిచినవాళ్ళ ఇంటికి దారి తెలియాలి కదా! పక్క ఏరియాల వాళ్ళకి ఆ దారి చెప్పేది ఏబీఆర్ పుట్టించే టైప్ 4. ఎల్‌ఎస్‌ఏలో ఫార్వర్డింగ్ అడ్రస్ (ట్రాఫిక్ ఎక్కడికి పంపాలో చెప్పే ఐపీ) 0.0.0.0 అని ఉంటే 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ బోర్డర్-రౌటర్స్'లో ఆ ఏఎస్‌బీఆర్ కనిపించాలి. కనిపించకపోతే ఏబీఆర్‌కి ఏరియా 0 తో సంబంధం తెగిందేమో చూడండి.

ఫార్వర్డింగ్ అడ్రస్‌లో సున్నాలు కాకుండా నిజమైన ఐపీ ఉంటే, అది శుభలేఖ మీద ఫంక్షన్ హాలు చిరునామా లాంటిది. ఇల్లు తెలిసినా లాభం లేదు, హాలుకే వెళ్ళాలి. ఆ అడ్రస్‌కి ఓఎస్‌పీఎఫ్ లోపలి రూట్ ఉండాలి: టేబుల్‌లో 'ఓ' (అదే ఏరియా రూట్) గానీ 'ఓ ఐఏ' (వేరే ఏరియా రూట్) గానీ. అది ఎక్స్‌టర్నల్‌గా వచ్చినా చెల్లదు. డిఫాల్ట్ రూట్ ఉందిలే అన్నా ఒప్పుకోదు.

మాకు జరిగింది ఇదే. టైప్ 7ని మార్చాక పిలిచినవాళ్ళ పేరు రావులపాలెం అయింది. అది భీమవరానికి బాగానే తెలుసు. కానీ ఫార్వర్డింగ్ అడ్రస్ మాత్రం రాజోలు లూప్‌బ్యాక్ (ఏ లింకుకీ చెందని, రౌటర్ సొంత ఐపీ) 10.2.255.7. అంతకు వారం ముందు టేబుళ్ళు చిన్నవి చేద్దామని రావులపాలెంలో టైప్ 3 (ఒక ఏరియా రూట్లను పక్క ఏరియాలకి చెప్పే ఎల్‌ఎస్‌ఏ) ఫిల్టర్ పెట్టి కోనసీమ లూప్‌బ్యాక్‌లన్నీ దాచేశాం. ఆ రోజు ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే ప్లాంట్ లింకు అప్పటికింకా రాలేదు. లింకు వచ్చాక తప్పంతా కొత్త రౌటర్‌దే అనుకుని రాత్రంతా రాజోలులో వెతికాం.

పరిష్కారం

ఫిల్టర్‌లో ఆ ఒక్క /32 ని వదిలేశాం. భీమవరంలో వెంటనే 'ఓ ఈ2' (రెండో రకం బయటి రూట్) వచ్చింది. అన్ని లూప్‌బ్యాక్‌లనూ కలిపి ఒకే సమ్మరీగా పంపినా సరిపోతుంది, ఎందుకంటే అదీ 'ఓ ఐఏ'నే. మూడో దారి, రావులపాలెంలో ఎన్‌ఎస్‌ఎస్‌ఏ లైన్‌కి 'ట్రాన్స్‌లేట్ టైప్ 7 సప్రెస్-ఎఫ్‌ఏ' చేర్చడం. అప్పుడు ఫార్వర్డింగ్ అడ్రస్ 0.0.0.0 అవుతుంది, ట్రాఫిక్ అంతా మార్చిన ఏబీఆర్ దగ్గరికే వెళ్తుంది. ఏబీఆర్ ఒక్కటే ఉంటే పర్వాలేదు. రెండుంటే దగ్గరి దారి వదిలి దూరం దారి పట్టొచ్చు, అందుకే నేను దాన్ని చివరికి ఉంచుతాను.

రూట్ వచ్చింది, దారి వంకరగా ఉంది

ఈ2 మెట్రిక్ సిస్కోలో మామూలుగా 20. ఎంత దూరం వెళ్ళినా 20 గానే కనిపిస్తుంది, లోపలి ఖర్చు కలవదు. ఒకే ప్రిఫిక్స్‌ని రెండు ఏఎస్‌బీఆర్‌లు వేర్వేరు మెట్రిక్‌లతో పంపితే, తక్కువ మెట్రిక్ ఉన్నదే గెలుస్తుంది, అది ఎంత దూరంలో ఉన్నా సరే. మెట్రిక్‌లు సమానమైతేనే దూరం చూస్తారు. దూరం ముందే లెక్కలోకి రావాలంటే రెండు చోట్లా ఈ1 (లోపలి ఖర్చు కూడా కలిపే రకం) పెట్టండి. ఒక్కచోటే మారిస్తే ఈ1 ఎప్పుడూ ఈ2 కంటే ముందుంటుంది కాబట్టి ట్రాఫిక్ మొత్తం అటే పోతుంది.

రాజోలు లాంటి ఏఎస్‌బీఆర్ కరెంటు పోయి ఆగిపోతే దాని ఎల్‌ఎస్‌ఏ డేటాబేస్‌లో గంట వరకు అలాగే ఉండిపోవచ్చు. ఏజ్ 1800 సెకన్లు దాటి పెరుగుతూ ఉంటే, పుట్టించినవాడు రిఫ్రెష్ చేయడం లేదని అర్థం. అప్పుడు ఫిల్టర్లు వెతకకుండా ముందు రాజోలుకి ఫోన్ చేయండి.