లగ్జరీ కారు బేరం: ముందు కొటేషన్ విడగొట్టించండి

బీఎండబ్ల్యూ, ఆడీ లాంటి కారు కొనబోతుంటే 'ఆన్ రోడ్ ఎంత?' అని ఒక్క అంకె అడిగి బేరం మొదలుపెట్టకండి. ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ అన్నీ విడివిడిగా రాసిమ్మనండి. ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర అదే మోడల్, అదే వేరియంట్‌కు ఇలాంటి కొటేషన్ తీసుకోండి.

అసలు తేడా ఇన్సూరెన్స్‌లోనే బయటపడుతుంది. షోరూమ్ పాలసీనే తీసుకోవాలన్న రూలేమీ లేదు. అవే కవర్లతో, అదే ఐడీవీతో (కారు పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) బయట కోట్ తెచ్చి చూపించండి, చాలాసార్లు అక్కడికక్కడే తగ్గిస్తారు. హ్యాండ్లింగ్ చార్జీలు అని రాస్తే తీసేయమని గట్టిగా అడగండి. 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే మీ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) చూసి మాత్రం టెన్షన్ పడకండి. 60 లక్షల కారుకు 60 వేలు కట్టినా, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో అది మీ పన్ను కిందే జమవుతుంది.

జనవరిలో కొంటుంటే కారు తయారైన నెల, సంవత్సరం అడగండి. నిరుటి బండి అయితే రీసేల్‌లో దెబ్బ మీకే, కాబట్టి ఆ మేరకు డిస్కౌంట్ రావాల్సిందే.

మెర్సిడెస్ సంగతి వేరు. 2021 నుంచి కంపెనీయే నేరుగా అమ్ముతోంది, కారు ధర దేశమంతా ఒకటే. అక్కడ మీ పాత కారు ఎక్స్ఛేంజ్ విలువ మీద పట్టుబట్టండి.