కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ రిజిస్ట్రేషన్ ఎలా చేయించుకోవాలి, అయ్యాక అర్జీలు ఎవరికి పెట్టాలి (విశాఖ వాళ్ళకి)

వానాకాలం వస్తే చాలు మధురవాడ, పెందుర్తి, గాజువాక ఎటు చూసినా ప్రతి కాలనీ వాట్సాప్ గ్రూపులోనూ అవే ఫోటోలు, పొంగిన కాలవ, వెలగని లైటు, గోతుల రోడ్డు, కింద అందరూ "ఎవరైనా కంప్లైంట్ ఇవ్వండి" అని రాస్తారు, ఇచ్చేవాళ్ళు ఒకరో ఇద్దరో. వాళ్ళకి ఓపిక పోతే ఆ సమస్య అక్కడే ఆగిపోద్ది. అందుకే అసోసియేషన్ పెట్టుకోండి, పెట్టుకున్నాక రిజిస్టర్ చేయించండి అని నేను గట్టిగా చెప్తాను. రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న లెటర్‌హెడ్ మీద, తీర్మానం కాపీ జత చేసి ఇచ్చిన అర్జీ ఒక మనిషిది కాదు, కాలనీది, సెక్రటరీ మారినా ఆ ఫైలు నడుస్తుంది.

మన రాష్ట్రంలో దీనికి చట్టం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001. కనీసం ఏడుగురు కలిస్తే చాలు సొసైటీ పెట్టుకోవచ్చు. సాహిత్యం, క్రీడలు, దాతృత్వం లాంటి వాటితో పాటు "ప్రజా ప్రయోజనం" కూడా ఆ చట్టంలో ఉంది కాబట్టి కాలనీ సంక్షేమ సంఘం అందులోకి సరిపోతుంది. అపార్ట్‌మెంట్ వాళ్ళ సంగతి కొంచెం వేరు, వాళ్ళకి 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం వర్తిస్తుంది, కొందరు 1995 మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద కూడా రిజిస్టర్ అవుతారు, లిఫ్టు, కామన్ కరెంటు, మెయింటెనెన్స్ వసూళ్ళ గొడవలన్నీ అందులో ఉంటాయి. నేను చెప్పేది విడి ఇళ్ళు, చిన్న అపార్ట్‌మెంట్లు కలిసి ఉండే కాలనీల గురించి.

ఇంకో మాట ముందే చెప్పేయాలి, ఇది చాలామందికి తెలీక ఆగిపోతారు. సభ్యులకి ఇంటి పట్టా ఉండాలి, సొంత ఇల్లు ఉండాలి అని సొసైటీ చట్టం అడగదు. ఆరిలోవ, హనుమంతవాక, కంచరపాలెం వైపు కొండవాలు మీద ఉండేవాళ్ళు కూడా నిక్షేపంగా సంఘం పెట్టుకోవచ్చు, అద్దెకి ఉండేవాళ్ళూ సభ్యులు కావచ్చు. నిజానికి మెట్ల దారి, మంచినీళ్ళ కుళాయి, వానకి జారే మట్టి, ఇవన్నీ వాళ్ళకే ఎక్కువ కష్టం, వాళ్ళకే సంఘం ముందు కావాలి.

మొదటి పని మీటింగ్. ఏ ఏ వీధుల వాళ్ళు సభ్యులో హద్దులు రాసుకోండి, ఉత్తరాన ఫలానా రోడ్డు, దక్షిణాన ఫలానా గెడ్డ (వాగు) అని స్పష్టంగా, లేకపోతే రేపు పక్క లేఅవుట్ వాళ్ళతో తగువు వస్తుంది. సంఘం పెట్టాలని, ఫలానా వాళ్ళు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, మిగతా వాళ్ళు కార్యవర్గ సభ్యులు అని మినిట్స్ పుస్తకంలో రాసి హాజరైన అందరి చేతా సంతకాలు పెట్టించండి. కార్యవర్గంలో ఆడవాళ్ళు తప్పకుండా ఉండాలి, ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు, నీళ్ళు ఎన్నింటికి వచ్చాయి, చెత్త బండి ఎన్ని రోజులు రాలేదు, ఏ సందులో చీకటి పడితే నడవలేం అన్నది ఇళ్ళల్లో వాళ్ళకి తెలిసినంతగా ఆఫీసుకెళ్ళి రాత్రికి వచ్చే మనకి తెలీదు.

పేరు దగ్గర చాలా అప్లికేషన్లు వెనక్కి వస్తాయి. ఇప్పటికే రిజిస్టర్ అయిన పేరుకి దగ్గరగా ఉంటే ఒప్పుకోరు, "సాయినగర్ వెల్ఫేర్ అసోసియేషన్" అని పెడితే ఊళ్ళో ఎన్ని సాయినగర్లు ఉన్నాయో ఆలోచించండి, ఏరియా పేరు, వీలైతే లేఅవుట్ ఫేజు కూడా కలపండి. ప్రభుత్వ సంస్థ అనిపించే మాటలు పెట్టొద్దు, 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం అడ్డొస్తుంది. రెండు మూడు పేర్లు రాసి పెట్టుకుని వెళ్తే మంచిది.

తర్వాత రెండు కాగితాలు, మెమోరాండం ఒకటి, బైలాస్ అంటే సంఘం నియమావళి ఒకటి. మెమోరాండంలో సంఘం పేరు, ఆఫీసు అడ్రస్, ఉద్దేశాలు, కార్యవర్గం వాళ్ళ పేర్లు, చిరునామాలు, వృత్తులు ఉంటాయి. ఉద్దేశాలు కాస్త విస్తారంగా రాయండి, పారిశుధ్యం, మంచినీరు, డ్రైనేజీ, వీధి దీపాలు, పార్కులు, చెట్లు, భద్రత, తుఫాను సమయంలో సహాయం, ఇవన్నీ పేరు పేరునా. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చినప్పుడు చెట్లు తీయడం దగ్గర్నుంచి నీళ్ళ ట్యాంకర్ దాకా ప్రతి కాలనీకీ ఎవరో ఒకరు ముందుండి చూడాల్సి వచ్చింది కదా, అలాంటి పనికి సంఘం డబ్బు ఖర్చు పెట్టాలన్నా ఉద్దేశాల్లో ఆ మాట ఉంటే ఎవరూ వేలెత్తి చూపరు.

బైలాస్ మాత్రం జెరాక్స్ షాపులో దొరికే నమూనా తెచ్చి పేరు మార్చి పెట్టేయకండి దయచేసి. సంఘాలు చీలిపోయేది కాలవల దగ్గర కాదు, ఇక్కడే. సభ్యత్వం ఎవరికి, చందా ఎంత, కట్టకపోతే ఎన్నాళ్ళకి ఓటు పోతుంది, ఇంటికి ఒక ఓటా మనిషికి ఒక ఓటా, అద్దెకున్నవాళ్ళు పోటీ చేయొచ్చా, కార్యవర్గం ఎన్నేళ్ళు, ఒకే మనిషి ఎన్నిసార్లు ఉండొచ్చు, మీటింగుకి ఎన్ని రోజుల ముందు నోటీసు, కోరం అంటే కనీస హాజరు ఎంత, బ్యాంకులో ఎవరి సంతకాలు, లెక్కలు ఎవరు ఆడిట్ చేస్తారు, ఇవన్నీ కూర్చుని మాట్లాడి రాసుకోండి. నా అభిప్రాయం అడిగితే అద్దెకున్నవాళ్ళకి పూర్తి సభ్యత్వం ఇవ్వాలి, దోమలు ఓనర్నీ టెనెంట్‌నీ ఒకేలా కుడతాయి. వాట్సాప్ నోటీసు చెల్లుతుందో లేదో కూడా బైలాస్‌లోనే రాయండి. తర్వాత మార్చాలంటే సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేసి రిజిస్ట్రార్‌కి పంపాలి, సభ్యుల మధ్య వివాదం ముదిరితే జిల్లా కోర్టు దాకా పోతుంది, అంత దూరం ఎందుకు.

దరఖాస్తు రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖది. సొసైటీల రిజిస్ట్రార్ అంటే జిల్లా రిజిస్ట్రార్, ఇళ్ళ రిజిస్ట్రేషన్‌కి మనం వెళ్ళే సబ్ రిజిస్ట్రార్ కాదు. శాఖ వెబ్‌సైట్‌లో సొసైటీ రిజిస్ట్రేషన్ ఆప్షన్ ఉంటుంది, అందులో వివరాలు ఎక్కించి కాగితాలు స్కాన్ చేసి పెట్టి ఫీజు కట్టాలి. మెమోరాండం, బైలాస్ మీద సంతకాలు, సాక్షుల సంతకాలు, అందరి ఆధార్ కాపీలు, ఆఫీసు అడ్రస్‌కి కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో, అది వేరేవాళ్ళ ఇల్లయితే వాళ్ళ అంగీకార పత్రం, ఇవి రెడీగా ఉంచుకోండి. ఆధార్‌లో పేరు ఒకలా మెమోరాండంలో ఒకలా ఉంటే తిప్పి పంపుతారు, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. జిల్లా విషయంలో జాగ్రత్త, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో ఉన్నా అనకాపల్లి టౌను అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది, అక్కడి కాలనీ వాళ్ళు ఆ జిల్లా రిజిస్ట్రార్‌కే పెట్టుకోవాలి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక సంఘం పేరున పాన్ తీసుకోండి, తర్వాత బ్యాంక్ ఖాతా, సర్టిఫికెట్, బైలాస్, పాన్, ఖాతా తెరవాలన్న తీర్మానం అడుగుతారు. ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు తీసేలా పెట్టండి. జీఎస్టీ గురించి కంగారు పడొద్దు, నెలకి సభ్యుడికి 7500 రూపాయల లోపు చందాకి మినహాయింపు ఉంది, మన కాలనీల్లో వంద, రెండొందలు వసూలు కావడమే గగనం. ఒక్కటి గుర్తు పెట్టుకోవాలి, రిజిస్టర్ అయినంత మాత్రాన కాలనీ పార్కు సంఘం సొత్తు అయిపోదు, గేటు పెట్టి రోడ్డు మూసే హక్కూ రాదు. లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం అందరిదీ, సంఘం దానికి కాపలా మాత్రమే.

ఇప్పుడు అర్జీల సంగతి. సగం అర్జీలు తప్పుడు ఆఫీసుకి వెళ్ళి చల్లారిపోతాయి. చెత్త, కాలవలు, వీధి దీపాలు, లోపలి రోడ్లు, కుళాయి నీళ్ళు, యూజీడీ అంటే భూగర్భ డ్రైనేజీ, కుక్కలు, దోమల మందు, అన్నీ జీవీఎంసీ. స్తంభం మీద వైరు తెగినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా, వోల్టేజీ లేకపోయినా కరెంటు సంస్థ ఈపీడీసీఎల్, 1912కి ఫోన్. హైవే అయితే నేషనల్ హైవేస్ వాళ్ళు. పాత వుడా (పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అయితే, అదే ఇప్పుడు వీఎంఆర్‌డీఏ, లేఅవుట్ ప్లాను కాపీ అక్కడ తెచ్చుకోండి, పార్కు స్థలం ఎవరైనా ఆక్రమిస్తే ఎల్.పి. నంబరుతో (లేఅవుట్ అనుమతి నంబరు) ఉన్న ఆ ప్లానే మీ బలం, ఫిర్యాదు మాత్రం జీవీఎంసీ టౌన్ ప్లానింగ్‌కి. ఫ్యాక్టరీ పొగ, వాసన, బొగ్గు దుమ్ము అయితే కాలుష్య నియంత్రణ మండలి. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకై జనం చనిపోయిన ఊరు మనది, రాత్రిపూట వాసన తేడాగా వస్తే తారీఖు, టైము రాసి ఆ రోజే ఫిర్యాదు పెట్టండి, "అలవాటే కదా" అని వదిలేయొద్దు.

జీవీఎంసీలో ముందు మెట్టు వార్డు సచివాలయం. 2019 అక్టోబర్ నుంచి ఉన్నాయి కదా, అక్కడ ఎవరి పని వాళ్ళది, నీళ్ళు, రోడ్లు, లైట్లకి ఎమినిటీస్ సెక్రటరీ, చెత్తకి శానిటేషన్ సెక్రటరీ, కట్టడాలకి ప్లానింగ్ సెక్రటరీ. వీళ్ళతో మంచిగా ఉండండి, చాలా పనులు అక్కడే అయిపోతాయి. అవ్వకపోతే జోనల్ కమిషనర్, ఆపైన సోమవారం ఆసీల్‌మెట్ట మెయిన్ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక, అంటే పీజీఆర్ఎస్, కలెక్టరేట్‌లో కూడా సోమవారమే ఉంటుంది.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. ఒక అర్జీకి ఒక్కటే సమస్య, ఆరు సమస్యలు కలిపి రాస్తే అది ఆరు సెక్షన్లు తిరిగి ఎవరిదీ కాకుండా పోద్ది. "మా కాలనీలో డ్రైనేజీ బాలేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు, "ఫలానా వీధిలో, ఫలానా స్కూలు గేటు ఎదురుగా, కాలవ మీద పలక విరిగి మూడు అడుగుల గొయ్యి పడింది, పిల్లలు ఇటే నడుస్తారు, కొత్త పలక వేయించండి" అని రాస్తే ఇంజనీరు నేరుగా అక్కడికే వస్తారు. ఫోటో, గూగుల్ మ్యాప్ లొకేషన్, తీర్మానం కాపీ జత చేయండి. రెండో కాపీ మీద తారీఖుతో ముద్ర వేయించుకోకుండా ఆఫీసు గుమ్మం దిగొద్దు. పీజీఆర్ఎస్‌లో అయితే అర్జీ నంబరు ఫోన్‌కి వస్తుంది, పని అవ్వకుండానే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే ఊరుకోకుండా అదే నంబరు మీద మళ్ళీ ఓపెన్ చేయించండి, ఈ రోజు ఫోటో పెట్టి.

టైమింగ్ కూడా ముఖ్యం. కాలవల పూడిక అర్జీ జూన్ రాకముందే పడాలి, గెడ్డ పొంగాక రాస్తే ఏటి లాభం. కొత్త సీసీ రోడ్డు, కొత్త కాలవ లాంటివి అంచనాలు వేసి బడ్జెట్‌లో పెట్టాల్సిన పనులు, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి నవంబర్, డిసెంబర్‌లోనే ఇవ్వండి. కార్పొరేషన్ ఏదైనా డ్రాఫ్ట్ నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడిగినప్పుడు కూడా గడువు లోపలే తీర్మానం చేసి పంపండి. 2021లో ఇంటి పన్నుని అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకి మార్చినప్పుడు ఏడాదికి 15 శాతానికి మించి పెరగకుండా పరిమితి పెట్టారు కదా, మీ బిల్లు ఆ లెక్కలో ఉందో లేదో చూసి అందరి తరఫునా అడగడం కూడా సంఘం పనే.

అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు. జీవీఎంసీకి ఫీజు 10 రూపాయలు, తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే మొదటి అప్పీలు. ఇక్కడ ఒక కిటుకు, ఆ హక్కు పౌరులది కాబట్టి దరఖాస్తు సంఘం పేరున కాకుండా సెక్రటరీ తన సొంత పేరున పెట్టాలి. "మా రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడిగితే జవాబు రాదు, "ఫలానా తారీఖు అర్జీ మీద తీసుకున్న చర్యల కాపీ, ఎస్టిమేట్ కాపీ, వేసిన రోడ్డు అయితే ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) కాపీ ఇవ్వండి" అని రికార్డులు అడగండి. ఫైలు చూడనివ్వమని, రోడ్డు సామాను శాంపిల్ ఇవ్వమని అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది.

చివరగా చాలా సంఘాలు మర్చిపోయేది. ఏడాదికి ఒక్కసారైనా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చదివి వినిపించాలి, కొత్త కార్యవర్గం జాబితా 15 రోజుల్లో రిజిస్ట్రార్‌కి పంపాలి. ఇది నాలుగేళ్ళు పంపకపోతే కాగితం మీద ఇంకా పాత వాళ్ళే పదవిలో ఉన్నట్టు, బ్యాంకు కొత్త సంతకాలు తీసుకోదు. సెక్రటరీగారు బదిలీ అయి వెళ్ళిపోతుంటే మినిట్స్ పుస్తకం, క్యాష్ పుస్తకం, ముద్ర వేసిన అర్జీల ఫైలు, వెబ్‌సైట్ లాగిన్, ఇవన్నీ రాతపూర్వకంగా అప్పగించుకున్నాకే వీడ్కోలు సన్మానం పెట్టుకోండి.