పసుపు, సున్నం, శంఖుపూలు: రంగు మారే బొమ్మ ఇంట్లోనే వేద్దాం

దిష్టి తీసే ఎర్రనీళ్ళు చూసే ఉంటారు. పళ్ళెంలో నీళ్ళు, కాస్త పసుపు, గోటితో తీసినంత సున్నం, అంతే, కలిపిన క్షణంలో ఎర్రగా అయిపోతాయి. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి కూడా ఇదే లెక్క. పప్పుచారు ఒలికిన చొక్కాకి సబ్బు రాస్తే మరక పోకపోగా ఎర్రగా తేలి మనల్ని హడలగొడుతుంది చూడండి, అదీ ఇదే. పసుపులో కుర్క్యుమిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. పులుపు తగిలినా మామూలు నీళ్ళు తగిలినా అది పసుపుపచ్చగానే ఉంటుంది. సున్నం, సోడా, సబ్బు లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, దాని మీద నిమ్మరసం పడితే మళ్ళీ పసుపుపచ్చకి వచ్చేస్తుంది. మొదటి బొమ్మకి ఈ మాత్రం కెమిస్ట్రీ చాలు.

ఆ బొమ్మ పారాణి పాదాలదే పెట్టుకోండి, మొదటిసారికి చాలా సులువు. మందపాటి డ్రాయింగ్ షీట్ మీద రెండు పాదాల గీత పెన్సిల్‌తో వేయండి. అర గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వంటసోడా బాగా కలిపి, సన్న బ్రష్షు ముంచి పాదాల అంచుల వెంట పారాణి దిద్దండి, మధ్యలో ఒక చుక్క పెట్టండి. తడిగా ఉన్నప్పుడు కాస్త కనిపిస్తుంది, ఆరిపోయాక కాగితం మీద ఏమీ ఉన్నట్టే ఉండదు. ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి, ఇక్కడ తొందరపడితే తర్వాత అంతా అలుక్కుపోతుంది.

ఇప్పుడు పసుపు రంగు. చాలామంది నీళ్ళలో కలుపుతారు, కానీ కుర్క్యుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, కాగితం మీద నూకలు నూకలుగా మిగులుతుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ పావు గ్లాసుకి ఒక చెంచా పసుపు వేసి తిప్పి, పది నిమిషాలు వదిలేసి, పైన తేరిన తేట మాత్రం పాత గుడ్డలో వడకట్టుకోండి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ పని వంటింట్లో వద్దు, పొయ్యికీ దీపానికీ దూరంగా, కిటికీ తెరిచి, పిల్లలుంటే పెద్దవాళ్ళే చేయాలి. వెడల్పు బ్రష్షుతో ఈ తేటని షీట్ అంతా ఒకే వైపుకి లాగుతూ పూయండి. కాగితం పచ్చబడుతూనే పారాణి ఎర్రగా లేచి వస్తుంది. చిన్నపిల్లలు ఎవరైనా పక్కన ఉంటే వాళ్ళ మొహం చూడండి ఆ టైంలో, బొమ్మ కంటే అదే బావుంటుంది.

ఎరుపు డల్‌గా వస్తే కొంచెం నీళ్ళు స్ప్రే చేయండి, సోడా తడిసి రంగు తేరుతుంది. ఇంకా చిక్కటి ఎరుపు కావాలంటే తాంబూలంలో వేసే సున్నం కొద్దిగా నీళ్ళలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేట వాడండి, వంటసోడా కంటే చాలా ఘాటైన క్షారం అది. కళ్ళలో పడితే మాత్రం చాలా ప్రమాదం, పిల్లల చేతికి ఇవ్వొద్దు, వాళ్ళకి వంటసోడా చాలు. చివర్లో దూది పుల్లని నిమ్మరసంలో ముంచి ఎరుపు మీద గీస్తే ఆ గీత మేర మళ్ళీ పచ్చబడుతుంది, అంటే చెరిపే రబ్బరు కూడా మన దగ్గరే ఉన్నట్టు.

నీలం కావాలనుకునేవాళ్ళకి శంఖుపూలు. పది పదిహేను పూలు అర గ్లాసు వేడి నీళ్ళలో వేస్తే కాసేపట్లో నీళ్ళు నీలంగా దిగుతాయి. ఇందులో ఉండేది ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం, ఇది పసుపు కంటే ఎక్కువ రంగులు చూపిస్తుంది: నిమ్మరసానికి ఊదా, గులాబీ వైపు, సోడాకి ఆకుపచ్చ వైపు. ఆకాశం అంతా ఈ నీళ్ళతో పూసి ఆరాక, నిమ్మరసం బ్రష్షుతో సాయంత్రం మబ్బులు, సోడా నీళ్ళతో కింద చెట్లు వేసుకోవచ్చు. పూల రసం ఇలా రంగు మారడం గురించి రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త 1664లోనే రాశాడు, ఆయన వాడింది వయొలెట్ పూల పాకం.

ఈ పూల రంగుతో నేను మొదటిసారి జిరాక్స్ పేపర్ మీద వేసి భంగపడ్డాను. నీలం పూస్తే అక్కడక్కడా ఆకుపచ్చగా తేలింది, నిమ్మరసం రాసిన చోట గులాబీ కాసేపు కనిపించి మాయమైంది. పువ్వుల తప్పేమో అనుకుని ఇంకో దోసెడు కోసుకొచ్చాను, మళ్ళీ అదే కథ. అసలు సంగతేంటంటే అలాంటి కాగితాల్లో చాలావాటికి తయారీలోనే కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద, కలుపుతారు, అదీ క్షారమే, పులుపుని మింగేస్తుంది. కాబట్టి ఏ షీట్ అయినా ముందు ఒక మూలలో శంఖుపూల నీళ్ళ చుక్క వేసి ఆరనిచ్చి చూడండి, నీలంగానే ఉంటే ఆ షీట్ పనికొస్తుంది. పసుపూ శంఖుపూలూ ఒకే బొమ్మలో కలపకండి, బురదలా అవుతుంది.

ఈ బొమ్మలు ఎక్కువ కాలం ఉండవని ముందే చెబుతున్నా. పసుపు ఎండకి వెలిసిపోతుంది, చొక్కా మీది మరకని ఎండలో ఆరేస్తే పోయేది అందుకే. ఎండ తగలని గోడకి పెట్టుకోండి, వేసిన రోజే ఫోటో తీసుకోండి.

ఉండిపోయే బొమ్మే కావాలంటే శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళ దారి పట్టాలి. వాళ్ళు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీస్తారు, దాన్ని కసిమి అంటారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి గీత నల్లబడుతుంది. ఇంట్లో అయితే తుప్పు మేకులు, బెల్లం ముక్క నీళ్ళలో వేసి, మూత బిగించకుండా రెండు మూడు వారాలు ఊరనిచ్చి, కరక్కాయ బదులు చిక్కటి టీ డికాషన్ పూసి ఆరబెట్టిన కాగితం మీద గీసి చూడండి, బూడిద రంగు నుంచి నలుపు దాకా వస్తుంది. పాత చొక్కా వేసుకుని చేయండి, ఈ మరక నిమ్మరసానికీ ఎండకీ అంత తేలిగ్గా లొంగదు.