వాట్సాప్ సందేశాల సర్టిఫికెట్‌ను సరిచేసిన విధానం: నా అనుభవం

తిరుపతిలో ఒక న్యాయవాది కార్యాలయంలో సివిల్ దావాల కాగితాలు సిద్ధం చేసే పని నాది. ఒక ప్రామిసరీ నోటు దావాలో, ప్రతివాది అప్పు ఒప్పుకున్న వాట్సాప్ సందేశాల ప్రింట్లకు జతచేసిన ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ నమూనాలో ఉందన్న ఆక్షేపణతో ఫైలు కోర్టు నుంచి తిరిగివచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్‌లోని ‘ఎ’ భాగంపై ఫోను ఎవరి అధీనంలో ఉందో వారు, ‘బి’ భాగంపై నిపుణుడు సంతకం చేయాలి. రెండింటిలోనూ ఫైలు హాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే, దాని వేలిముద్ర లాంటి అంకెల, అక్షరాల వరుస ఉండాలి.

కక్షిదారును ఫోనుతో సహా పిలిపించి, చాట్‌ను ఫైలుగా ఎగుమతి చేయించి, అక్కడికక్కడే ఎస్‌హెచ్‌ఏ256 అనే పద్ధతిలో హాష్ విలువ తీయించాను. ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది కనుక, నిపుణుడికీ అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లో అందించి, రెండు భాగాల్లోని అంకెలనూ అక్షరాలనూ పోల్చి చూశాను. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ పోలికే. తిరిగి దాఖలు చేశాక కోర్టు దావాను స్వీకరించి నంబరు ఇచ్చింది.