కొత్త లైపో బ్యాటరీ: ఛార్జర్ మొరాయిస్తే ముందు కొలవండి

కొత్త లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్‌ను ఛార్జర్‌కు తగిలించగానే కీచుమని శబ్దం, తెరపై ఒక ఎర్రర్. డ్రోన్లు, ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కార్లు, విమానాల సరదా ఉన్నవారికి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. అప్పుడు చేతులు ఊరుకోవు. ఒక్కో సెల్ వోల్టేజీని ఛార్జర్‌కు చూపించే సన్నటి తీగల బ్యాలెన్స్ ప్లగ్ పీకేసి మామూలు ఛార్జింగ్ మోడ్‌లో పెట్టేవారు కొందరు. సెట్టింగుల్లో సెల్‌ల (ప్యాక్ లోపలి చిన్న బ్యాటరీల) సంఖ్య మార్చి చూసేవారు కొందరు. నికెల్ బ్యాటరీల మోడ్‌లో ‘కాస్త లేపి’ మళ్లీ లైపోకి మార్చేవారు ఇంకొందరు. జ్వరం చూపిస్తోందని థర్మామీటరును విసిరేయడమే ఇది. లోపం తీగలో ఉందా, సెల్‌లో ఉందా అన్నది తేలేవరకు కొత్త ప్యాక్‌లోకి కరెంటు ఎక్కించకూడదు. అది తేల్చడానికి ఒక మామూలు మల్టీమీటరు, కాస్త ఓపిక చాలు.

ముందు ప్యాక్‌ను చదునైన బల్లపై పెట్టి పక్క నుంచి చూడండి. పొట్ట ఉబ్బి అటూ ఇటూ ఊగుతున్నా, మూలలు నొక్కుకుపోయి ఉన్నా, తీపి కలిసిన రసాయనం వాసన వస్తున్నా దాన్ని ఛార్జ్ చేయవద్దు. ‘ఒకసారి ఛార్జ్ చేస్తే సర్దుకుంటుందేమో’ అన్న ఆశ వద్దు. లోపల ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై వాయువు పుట్టడం వల్లే ఆ ఉబ్బు వస్తుంది, అది వెనక్కి పోదు. దాన్ని వాడకుండా పక్కన పెట్టి అమ్మినవారికి చెప్పండి.

పైకి బాగుంటే వోల్టేజీ చూడాలి. లైపోలను సాధారణంగా సగం ఛార్జ్‌తోనో, ఇంకాస్త తక్కువతోనో పంపుతారు. కాబట్టి ఒక్కో సెల్ దాదాపు 3.7 నుంచి 3.85 వోల్టుల మధ్య ఉండాలి. మూడు సెల్‌ల ప్యాక్‌కు బ్యాలెన్స్ ప్లగ్‌లో నాలుగు తీగలుంటాయి. మీటరు నల్ల ప్రోబ్‌ను చివరి నల్ల తీగ దగ్గర ఆనించి, ఎర్ర ప్రోబ్‌ను వరుసగా మిగతా మూడింటికీ జరపండి. 3.80, 7.60, 11.40 లాంటి అంకెలు రావాలి. ఒక్కో అంకె నుంచి దాని ముందు అంకెను తీసేస్తే ఆ సెల్ వోల్టేజీ. ఈ ప్లగ్గుల్లో ఎక్కువగా కనిపించే రకంలో పిన్నుల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే. ప్రోబ్ మొన జారి రెండు పిన్నులను ఒకేసారి తాకిందంటే సెల్ నేరుగా షార్ట్ అవుతుంది, సన్నటి తీగ క్షణంలో కాలిపోతుంది. అందుకే మొన కొంచెమే బయట ఉండేలా ప్రోబ్‌కు టేపు చుట్టుకోవడం మంచిది.

సెల్‌ల మధ్య 0.01, 0.02 వోల్టుల తేడా సహజం. 0.05 దాకా ఉంటే బ్యాలెన్స్ ఛార్జర్ సర్దేస్తుంది. కొత్త ప్యాక్‌లో 0.1కి మించిన తేడా ఉంటే మాత్రం నేను నమ్మను. ఏ సెల్ అయినా 3 వోల్టుల కన్నా కిందికి పడిపోయి ఉంటే ఇక ఆలోచించేదేమీ లేదు, ఛార్జ్ చేయవద్దు. బాగా అడుగంటిన సెల్‌లో రుణధ్రువానికి ఆధారంగా ఉండే రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి పేరుకుని లోపలే షార్ట్‌కు దారి తీయవచ్చు. దాన్ని నికెల్ మోడ్‌లో లేపడం మరీ ప్రమాదం. ఆ మోడ్‌కు 4.20 వోల్టుల దగ్గర ఆగాలని తెలియదు. బ్యాటరీ నిండాక వోల్టేజీ కొద్దిగా తగ్గడం కోసం అది ఎదురుచూస్తుంది. లైపోలో ఆ తగ్గుదల రాదు.

తీగా? సెల్లా?

ఇక్కడే చాలామంది మంచి ప్యాక్‌ను పాడైందనుకుంటారు, పాడైనదాన్ని మంచిదనుకుంటారు. ఛార్జర్ తెరపై మొదటి సెల్ 2.1, రెండోది 5.5, మూడోది 3.8 అని చూపిస్తోందనుకుందాం. 5.5 చూసి గుండె ఆగినంత పని అవుతుంది. కానీ మొదటి రెండూ కలిపితే 7.6, అంటే రెండు మంచి సెల్‌ల మొత్తం. పక్కపక్క సెల్‌లలో ఒకటి ఎంత తగ్గిందో మరొకటి అంతే పెరిగిందంటే, ఆ రెండింటి మధ్య నుంచి వచ్చే సన్నటి తీగ తెగిందనో, పిన్ను వెనక్కి జారిందనో అర్థం. సెల్ నిజంగా బలహీనపడితే లెక్క వేరుగా ఉంటుంది. అది 3.1 దగ్గర ఉంటే పక్కవి 3.8 దగ్గరే ఉంటాయి, మొత్తం 10.7కి పడిపోతుంది. కరెంటు మోసే పెద్ద ప్లగ్ దగ్గర కొలిచిన మొత్తం, సెల్‌ల కూడిక కలవకపోతే బ్యాలెన్స్ ప్లగ్ రెండు చివర్ల తీగల్లో ఒకదాన్ని అనుమానించండి.

తీగ తేడా అని తేలినా అది ప్యాక్‌దేనని వెంటనే తేల్చేయవద్దు. బాగా పనిచేస్తున్న మరో ప్యాక్‌ను అదే బ్యాలెన్స్ బోర్డుకు (బ్యాలెన్స్ ప్లగ్‌ను ఛార్జర్‌కు కలిపే పలకకు) తగిలించండి. అదే సెల్ దగ్గర అదే తప్పు చూపిస్తే దోషం బోర్డుది, లేదా ఛార్జర్ పోర్టుది. మూడు సెల్‌ల ప్లగ్‌ను నాలుగు సెల్‌ల గాడిలో పెట్టినా ఇలాంటి వింత అంకెలే వస్తాయి. ప్యాక్ తీగే తెగి ఉంటే, కొత్తది కాబట్టి తిప్పి పంపడమే మేలు. సోల్డరింగ్ బాగా వచ్చినవారైనా రెండు తీగలను ఒకే కత్తిరింపులో కోయకూడదు. కత్తెర నోట్లోనే షార్ట్ అవుతుంది.

సెట్టింగులు

ఛార్జర్ కిందటిసారి వాడిన మోడ్‌ను గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ప్రతిసారీ చదవాలి. మామూలు లైపో సెల్ 4.20 వోల్టుల దగ్గర నిండుతుంది, అధిక వోల్టేజీ రకం 4.35 దగ్గర. లేబుల్‌పై ఆ మాట లేకపోతే 4.20 దాటవద్దు. కరెంటు 1సి, అంటే ప్యాక్ సామర్థ్యానికి సమానమైన అంకె: 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-గంటల) ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు. లేబుల్‌పై పెద్దగా ఉండే 35సి, 50సి అంకెలు వాడేటప్పుడు ప్యాక్ ఇవ్వగల కరెంటుకు సంబంధించినవి, ఛార్జింగ్‌కు కావు. ఎక్కువ వేగంతో ఛార్జ్ చేయవచ్చని రాసి ఉన్నా తొలి ఛార్జింగ్‌లు 1సి మించకుండా ఉంటే లోపాలు తీరిగ్గా బయటపడతాయి. ఛార్జింగ్ తీగను (లీడ్‌ను) ముందు ఛార్జర్‌కు, తర్వాతే బ్యాటరీకి తగిలించండి. ముందే బ్యాటరీకి పెడితే అవతల బయటికి తేలి ఉన్న రెండు బనానా ప్లగ్గులు (ఛార్జర్‌లో దూర్చే లోహపు మొనలు) ఒకదానికొకటి తగలవచ్చు.

మీరు 5 ఆంపియర్లు పెట్టినా తెరపై 2 మించడం లేదా? బ్యాటరీని తిట్టుకోకండి. ఆరు సెల్‌ల ప్యాక్ నిండేటప్పుడు 25.2 వోల్టులుంటుంది. 5 ఆంపియర్లంటే 126 వాట్లు. 50 వాట్ల ఛార్జర్ ఇవ్వగలిగింది ఆ రెండే.

ఛార్జింగ్ చివర్లో సాగదీయడం కూడా చాలావరకు తప్పు కాదు. 4.20కి చేరాక కరెంటు తనంతట తానే తగ్గుతుంది. ఎక్కువ ఉన్న సెల్ నుంచి ఛార్జర్ కొద్దికొద్దిగా శక్తిని వేడిగా వదిలేస్తుంది. చిన్న ఛార్జర్లలో ఆ వేగం 200, 300 మిల్లీ ఆంపియర్లే ఉంటుంది. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌లో ఒక సెల్ 5 శాతం ముందుంటే, ఆ 250 ఎంఏహెచ్‌ని సర్దడానికి దాదాపు గంట పడుతుంది. ఈలోగా భద్రతా టైమర్ ఆపేసిందంటే అది ఎర్రర్‌లా కనిపిస్తుంది. టైమర్ పెంచే ముందు సెల్‌ల అంకెలు చూడండి. అవి దగ్గరవుతుంటే పెంచవచ్చు, దూరమవుతుంటే ఆపేయండి. ఎంత ఎక్కిందో కూడా గమనించాలి. సగం నిండి వచ్చిన 2200 ఎంఏహెచ్ ప్యాక్ 1100, 1300 ఎంఏహెచ్‌తో నిండాలి. 2000 దాటినా ఇంకా తాగుతోందంటే ఎక్కడో ఆ శక్తి వేడిగా పోతోంది.

ఛార్జ్ అవుతున్నంతసేపూ పక్కనే ఉండండి. పలకరాయిపైనో, ఇసుక పరిచిన ట్రేలోనో పెట్టండి. ఇనుప పెట్టె అయితే గాలి పోయే దారి ఉండాలి, బిగించి మూసిన పెట్టె పేలుతుంది. గడ్డకట్టే చలిలో అసలు వద్దు, లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది. 1సి దగ్గర ప్యాక్ కాస్త వెచ్చబడితే అదే ఎక్కువ. ఉబ్బడం మొదలైతే ఛార్జర్‌ను గోడ ప్లగ్ దగ్గరే ఆపండి. చేరువకు వెళ్లగలిగితే ప్యాక్‌ను ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా పెట్టి గంటలపాటు కనిపెట్టండి. పొగ వస్తే మాత్రం దగ్గరకు పోవద్దు, అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. గది ఖాళీ చేసి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

కొత్త ప్యాక్‌లను సమాంతర బోర్డుపై కలిపి ఛార్జ్ చేయాలన్న తొందర కూడా తొలిసారి వద్దు. వాటి వోల్టేజీలు వేరుగా ఉంటే ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదానిలోకి ఒక్కసారిగా కరెంటు తోస్తుంది. అన్నీ కలిసిపోయాక ఏ ప్యాక్‌లోని ఏ సెల్ బలహీనమో తెర చెప్పలేదు.

ఛార్జ్ పూర్తయ్యాక ప్యాక్‌ను ఒక రాత్రి వదిలేసి మళ్లీ కొలవండి. 4.19, 4.19, 4.18 అయితే నిశ్చింతగా వాడుకోవచ్చు. 4.19, 4.19, 4.10 అయితే మూడో సెల్ వాడకుండానే తన ఛార్జ్‌ను కోల్పోతోంది. ఆ అంకెలను, ప్యాక్ వచ్చిన రోజు కొలిచిన అంకెలను ఫోటో తీసి అమ్మినవారికి పంపండి. తిప్పి పంపేముందు ప్యాక్‌ను స్టోరేజ్ మోడ్‌లో సెల్‌కు 3.80, 3.85 దగ్గరకు దింపండి, నిండుగా ఉన్నదాన్ని పెట్టెలో పెట్టకండి. రెండు మూడు రోజుల్లో వాడని మంచి ప్యాక్‌లనూ అదే వోల్టేజీ దగ్గర ఉంచాలి.