వెడల్పు తెర మానిటర్ ఎంపిక – రెండవ పాఠం: అంగుళాలు, అక్షరాలు, వెలుతురు

మొదటి పాఠంలో, మీరు రోజూ కూర్చునే చోట కంటికీ తెరకూ మధ్య ఉండే దూరాన్ని టేపుతో కొలిచి రాసి పెట్టుకొమ్మని చెప్పాను. ఆ కాగితాన్ని ఇప్పుడు దగ్గర ఉంచుకోండి. దూరం 50 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉంటే ఈ పాఠంలోని లెక్కలన్నీ మీకు వర్తిస్తాయి. 50 కన్నా తక్కువ వచ్చినవారు 27 అంగుళాల తెర జోలికి పోకపోవడమే మంచిది.

దుకాణంలో చెప్పే అంగుళాలు తెర వెడల్పూ కావు, ఎత్తూ కావు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న కొలత. చతురస్రానికి దగ్గరగా ఉండే పాత 19 అంగుళాల తెర ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. 16:9 నిష్పత్తిలో (అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు) ఉన్న 21.5 అంగుళాల తెర ఎత్తు 27 సెంటీమీటర్లు మాత్రమే. విశాఖ మర్రిపాలెంలో ఉండే మా మేనమామగారు సంఖ్య పెరిగింది కదా అని పాతదాన్ని మార్చి ఈ రెండవది కొన్నారు. అక్షరాలు చిన్నవయ్యాయి, వాటిని పెద్దవి చేసుకుంటే పద్దుల వరుసలు తగ్గిపోయాయి. పాత ఎత్తు నిలవాలంటే ఆయన కనీసం 24 అంగుళాలది తీసుకోవలసింది. ఉత్తరాలు, పద్దులు, పాఠాలు రాసేవారికి 16:10 నిష్పత్తిలోని 24 అంగుళాల తెర ఇంకా హాయిగా ఉంటుంది, ఎందుకంటే దాని ఎత్తు 32 సెంటీమీటర్ల వరకు వస్తుంది. కొంచెం వెతకవలసి వచ్చినా వెతకమనే చెబుతాను. దాదాపు 80 సెంటీమీటర్ల వెడల్పుండే 34 అంగుళాల తెర ఎత్తు 27 అంగుళాల దానితో సమానమే కాబట్టి, మామూలు ఇంటిపనికి అది అక్కరలేదు.

ఇక అక్షరాల సంగతి. తెరపై బొమ్మనూ అక్షరాన్నీ కూర్చే చిన్న చుక్కలే పిక్సెళ్లు; అవి ఎంత దగ్గరగా ఉంటే అక్షరం అంత స్పష్టం. 1920×1080 పిక్సెళ్లు 24 అంగుళాల తెరపై పరచుకుంటే అంగుళానికి సుమారు 92 చుక్కలు వస్తాయి. అవే 27 అంగుళాలపై పరచుకుంటే 82కు పడిపోతాయి. 27 అంగుళాలే కావాలనుకుంటే 2560×1440 పిక్సెళ్లున్నది అడగండి; అప్పుడు 109 వస్తాయి. మనకు ఈ లెక్క మరింత ముఖ్యం, ఎందుకంటే తెలుగులో అక్షరం పైన గుడి, లోపల చుక్క, కింద ఒత్తు అన్నీ ఒకే వరుసలో ఇమడాలి. అందుకే దుకాణంలో ఆడుతున్న రంగురంగుల వీడియోను ఆపించి, ఒక ఖాళీ పేజీలో మామూలు పరిమాణంలో ‘అర్థం, అర్ధం, పిత, పీత’ అని టైపు చేయించండి. మీరు రాసుకున్న దూరంలో నిలబడి చూసినప్పుడు థకారంలోని చుక్క, గుడికీ గుడిదీర్ఘానికీ ఉన్న తేడా కళ్లు చికిలించకుండానే తెలియాలి. నేను ఏ మానిటర్‌నైనా ముందుగా ఈ నాలుగు మాటలతోనే చూస్తాను.

విశాఖలో సముద్రం తూర్పు వైపున ఉండటం వల్ల, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీల వంటి చోట్ల గాలి కోసం ఆ వైపు కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో ఉదయపు ఎండ నేరుగా గదిలోకి వస్తుంది. తెరను కిటికీకి ఎదురుగా గానీ, కిటికీని తెర వెనుక గానీ ఉంచక, వెలుతురు పక్క నుంచి పడేలా బల్లను తిప్పుకోండి. ఆపివేసిన తెరలో మీ ముఖం అద్దంలో లాగా కనిపిస్తే అది నిగనిగలాడే రకం. మన ఎండకు మెరుపులేని తెరే నయం. ప్యానెల్ (బొమ్మను చూపే లోపలి పలక) ఐపీఎస్ అనే రకమైతే పక్క నుంచి చూసినా రంగులు అంతగా మారవు. రాత్రివేళ వెలుగు బాగా తగ్గించినప్పుడు తెర అదరకుండా ఉండాలి కాబట్టి, ‘ఫ్లికర్ ఫ్రీ’ అని వివరాలలో ఉందో లేదో చూడండి.

స్టాండు ఎత్తు సర్దుకోగలిగేదై ఉంటే మెడకు సుఖం. తెర పై అంచు కంటికి సమానంగా గానీ కొంచెం కిందగా గానీ ఉండాలి; ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (దూరపు చూపుకూ దగ్గర చూపుకూ ఒకే అద్దం) వాడేవారికి ఇంకొంచెం కిందికి కావాలి.

అభ్యాసం: ఈ వారం ఒక సాయంత్రం ద్వారకానగర్ వైపు వెళ్లి, కొనాలన్న తొందర లేకుండా మూడు తెరల ముందు ఆ నాలుగు మాటలూ చదవండి. ఒక్కొక్క తెర ఎత్తును టేపుతో కొలిచి, మొదటి పాఠం కాగితం మీదే రాసుకోండి. కేబుళ్లు, అమరికల గురించిన మూడవ పాఠం ఆ కొలతలతోనే మొదలవుతుంది.